కెనూ యాత్రయందు విద్యుత్తు లెక్క

విద్యార్థులారా! విజ్ఞానశాస్త్ర పాఠములలో మీరు వోల్టు, ఆంపియరు, వాట్టు అను మాటలను చదువుచున్నారు. పరీక్ష ముగిసిన పిదప వీనితో పనియేమి యని మీలో కొందరకు తోచవచ్చును. ఈ లెక్క తప్పినచో దాని ఫలమును భుజములతో మోయవలసిన సందర్భ మొకటి కలదు. దానినే యిచ్చట వివరింతును.

అమెరికా సంయుక్త రాష్ట్రములలో మిన్నెసోటా ఉత్తరపుటంచున, కెనడా సరిహద్దును ఆనుకొని, బౌండరీ వాటర్స్ అను అరణ్యప్రదేశము గలదు. దాని వైశాల్యము 10 లక్షల యెకరములకు మించును. అందు 1,100కు పైగా సరస్సులున్నవి. 1964, 1978 సంవత్సరముల చట్టములు దానిని కాపాడుచున్నవి. అందలి పెక్కు సరస్సులలో మరపడవలకు ప్రవేశము లేదు. అందుచేత యాత్రికులు కెనూ అను సన్నని తేలిక పడవలో తెడ్లు వేయుచు పోవుదురు. ఒక సరస్సునుండి వేరొక దానికి నీటిదారి లేనిచోట పడవను నెత్తిన పెట్టుకొని, మూటలను వీపున కట్టుకొని నడువవలెను. అట్టి కాలిబాటలకు పోర్టేజీలని పేరు. వాని పొడవును రాడ్డులలో చెప్పుదురు. ఒక రాడ్డు పదునారున్నర అడుగులు, అనగా రమారమి ఒక కెనూ పొడవు. ఈ దారిలో అంగడి లేదు, విద్యుత్తు తీగ లేదు. వారము దినములకు వలసిన దంతయు వెంట గొనిపోవలెను.

యంత్రము పనిచేయు విధము

గాలము వేయువారు కొందరు చేపలజాడ తెలుపు చిన్న యంత్రమును గూడ తీసికొని పోవుదురు. మన సముద్రతీరమున మరపడవలలో సైతము ఇట్టి యంత్రములను వాడుచున్నారు. అది నీటిలోనికి మన చెవికి వినబడనంతటి హెచ్చు స్థాయి ధ్వనిని పంపును. ఆ ధ్వని అడుగునకు తగిలి ప్రతిధ్వనియై తిరిగివచ్చును. చేప పొట్టలోని గాలితిత్తి కూడ ధ్వనిని త్రిప్పికొట్టును. మంచినీటిలో ధ్వని వేగము సెకండునకు సుమారు 1,480 మీటర్లు. 15 మీటర్ల లోతునకు పోయి రావలెనన్న 30 మీటర్ల ప్రయాణము. దానికి పట్టు కాలము సెకండులో సుమారు 50వ వంతు. యంత్రము ఆ కాలమును కొలిచి లోతును తెరపై చూపును. వేసవిలో లేక్ ట్రౌట్ అను చేపలు చల్లని నీటికై లోతునకు దిగును. అప్పుడు లోతు తెలియుట మిక్కిలి ఉపకారము.

లెక్క

ఈ యంత్రము 12 వోల్టుల ఘటమాలతో పనిచేయుననియు, 0.4 ఆంపియరు ప్రవాహమును గైకొనుననియు అనుకొందము. దినమునకు 5 గంటల చొప్పున 7 దినములు నడిపినచో మొత్తము 35 గంటలు. 35ను 0.4తో గుణింపగా 14 వచ్చును. కావున 14 ఆంపియరు-గంటలు కావలెను.

ఇచ్చటనే పలువురు పొరబడుదురు. ఘటమాలపై వ్రాసిన అంకె యంతయు మన చేతికి రాదు. సీసముతోను గంధకామ్లముతోను చేసిన ఘటమాలను సగమునకు మించి ఖాళీచేసిన కొలదియు దాని ఆయుస్సు తగ్గును. కావున 14 వలసినచోట 28 ఉండవలెను. 7 ఆంపియరు-గంటల సీసపు ఘటమాల సుమారు రెండున్నర కిలోగ్రాముల బరువుండును. అట్టివి నాలుగు సమాంతరముగా కలుపవలెను. బరువు 10 కిలోగ్రాములు! ప్రతి పోర్టేజీలోను ఆ బరువు వీపుపైననే యుండును. లిథియము ఇనుపఫాస్ఫేటు ఘటమాలలో నూటికి 80 పాళ్లు నిర్భయముగా వాడుకొనవచ్చును. 20 ఆంపియరు-గంటలది తెచ్చినచో 16 లభించును. బరువు సుమారు రెండున్నర కిలోగ్రాములు మాత్రమే. వెల మాత్రము హెచ్చు.

టార్చిదీపములలో వేయు పెద్ద ఘటములు ఎనిమిదింటిని వరుసగా కలిపినను 12 వోల్టులు వచ్చును. కాని వాడుకొలది వాని వోల్టేజి దిగజారును. లోపల శక్తి కొంత మిగిలియుండగనే యంత్రము ఆగిపోవచ్చును.

పొదుపు

ఇంతకంటె సులభమైన మార్గమొకటి కలదు. యంత్రమును దినమంతయు నడుపనేల? క్రొత్త సరస్సు చేరినంతనే అడుగు ఎచ్చట పల్లమగుచున్నదో చూచి, ఒడ్డునున్న చెట్టునో బండనో గురుతుపెట్టుకొని, యంత్రము నార్పి గాలము వేయవచ్చును. ఇట్లు దినమునకు గంటన్నర చాలును. గంటన్నరను 7తోను, 0.4తోను గుణించిన 4.2 మాత్రమే. 7 ఆంపియరు-గంటల లిథియము ఘటమాల యొక్కటి 5.6 ఇచ్చును, ఇంకను మిగులును. దాని బరువు సుమారు ఒక కిలోగ్రాము. పది కిలోగ్రాముల మూట ఒక కిలోగ్రామైనది! ధనముకంటె ఆలోచనయే ఇందు హెచ్చుపని చేసినది. తెర వెలుతురును తగ్గించినచో ప్రవాహము మరికొంత తగ్గును.

సౌరఫలకమును గొనిపోవువారును గలరు. 10 వాట్టుల ఫలకము మంచి యెండలో 4 గంటలుండి సగము పనిచేసినను 20 వాట్టు-గంటలు వచ్చును. పైని చెప్పిన పొదుపు పద్ధతిలో దినమునకు వలసినది సుమారు 7 మాత్రమే. అయినను మబ్బు పట్టినప్పుడు, చెట్ల నీడలో, అది పనికిరాదు. ఘటమాలకు తగిన క్రమపరచు పరికరమును నడుమ తప్పక యుంచవలెను. దీనిని సహాయముగా నెంచవలెనే గాని దీనినే నమ్ముకొనరాదు.

జాగ్రత్తలు

ఘటమాలను నీరు చొరని పెట్టెలో ఉంచవలెను. దాని రెండు ధ్రువములను లోహపు వస్తువేదియు ఒక్కసారి తాకకుండ కప్పవలెను; తాకినచో తీగలు కాలి నిప్పు పుట్టును. ధనధ్రువము చెంత తగిన ఫ్యూజు నమర్చవలెను. గడ్డకట్టు చలిలో లిథియము ఘటమాలకు విద్యుత్తు నెక్కింపరాదు. వాడిన ఘటములను అడవిలోను నీటిలోను పారవేయక ఇంటికి తిరిగి తేవలెను. బయలుదేరుటకు ముందు ఇంటనే యంత్రమును ఘటమాలతో కొన్ని గంటలు నడిపి, ప్రవాహమును ఆంపియరుమాపకముతో కొలిచి చూడవలెను. కాగితముపై వేసిన లెక్కకు కొలతయే సాక్షి.

ఇన్ని చేసినను యంత్రము చెడిపోవచ్చును. అందుచే వివేకి ముడులు వేసిన త్రాడునకు గుండు కట్టి మూటలో నుంచుకొనును. దానిని నీటిలో వదలి ముడులను లెక్కించిన లోతు తెలియును. దానికి ఘటమాల అక్కరలేదు.

అభ్యాసము

ఒక యంత్రము 0.3 ఆంపియరు గైకొనును. దినమునకు 2 గంటల చొప్పున 10 దినములు నడుపవలెను. 7 ఆంపియరు-గంటల లిథియము ఘటమాలలో నూటికి 80 పాళ్లే వాడదలచిన, అది చాలునా? చాలనిచో దినమునకెన్ని నిమిషములు తగ్గింపవలెను?

సమాధానము: చాలదు. దినమునకు 8 నిమిషములు తగ్గించినచో చాలును.