ముగ్గులో లెక్క, తాళంలో లెక్క

లెక్కలంటే మనలో చాలామందికి భయం. ఆ భయం పుట్టుకతో వచ్చింది కాదు, బడిలో పట్టుకున్నది. సంక్రాంతినాడు వాకిట్లో పదిహేను చుక్కల ముగ్గును ఒక్క గీత తప్పకుండా వేసే ఆడపిల్ల బడిలో "నాకు లెక్కలు రావు సార్" అంటుంది. పెద్దలూ సరేనంటారు. పదో తరగతితో ఆ అమ్మాయికి గణితంతో ఋణం తీరిపోతుంది. ఆమెకు వచ్చిన లెక్కను మనం లెక్కగా గుర్తించకపోవడమే ఇందులో అసలు చిక్కు. హైస్కూలు పిల్లలకు నేను చెబుతూ వస్తున్న కొన్ని పాఠాలను, రేపు ఉపాధ్యాయులు కాబోయే విద్యార్థి మిత్రుల కోసం ఇక్కడ వ్రాస్తున్నాను.

మొదటిది ముగ్గు. నడుమ 7 చుక్కలు, సందు చుక్క, 1 వచ్చే వరకు. మొత్తం ఎన్ని చుక్కలు? పిల్లలు 7, 6, 5 అంటూ పైకీ కిందికీ కూడి 49 అంటారు. అప్పుడు ఏటవాలుగా చూడమంటాను. ఏడు వరుసలు, వరుసకు ఏడు చుక్కలు! కూడిక కాస్తా వర్గమైపోయింది. అదే సరి చుక్క అయితే 1, 3, 5, 7, 5, 3, 1, మొత్తం 25. దీన్నీ ఏటవాలుగా చూస్తే నాలుగేసి చుక్కల వరుసలు నాలుగు, వాటి సందుల్లో మూడేసి చుక్కల వరుసలు మూడు. 16, 9 కలిపితే 25. 1 నుంచి బేసి సంఖ్యలను వరుసగా కూడితే వర్గసంఖ్య వస్తుందన్న సూత్రం వాకిట్లోనే ఉందన్నమాట. కాని ఇక్కడితో ఆగితే పాఠం సగమే. "7కు సరిపోయింది, 100కు సరిపోతుందా? ఎందుకు?" అని అడగాలి. ఆ "ఎందుకు" దగ్గరే ముగ్గు గణితమవుతుంది.

రెండవది గుడి. ధ్వజస్తంభం ఎత్తును ఎక్కకుండా కొలవాలి. ఎండలో నిలబెట్టిన మీటరు కర్ర నీడ 80 సెంటీమీటర్లు, అదే వేళకు స్తంభం నీడ 8 మీటర్లు అనుకుందాం. స్తంభం ఎత్తు 10 మీటర్లు. సరూప త్రిభుజాల పాఠం ఇంతే. గోపురం దగ్గరకు పోయేసరికి పేచీ వస్తుంది. గోపురం పైకి పోయేకొద్దీ సన్నబడుతుంది కదా! శిఖరానికి సరిగ్గా కింద ఉన్న చోటు గోడకు లోపల ఉంటుంది. కనుక నీడ గోడకు సూటిగా పడే వేళ చూసి, గోడ నుంచి కొలిచిన నీడకు గోపురం మందంలో సగం కలపాలి. ఈ సగం సంగతి పిల్లలే కనిపెట్టేదాకా ఉపాధ్యాయుడు నోరు మెదపకూడదు.

మూడవది సంగీతం. ఆదితాళం ఆవర్తనానికి 8 అక్షరాలు: లఘువుకు 4, రెండు ద్రుతాలకు రెండేసి. సగం తరగతి తాళం వేస్తుంటే, మిగతా సగం "తకిట, తకిట" అని మూడేసి అక్షరాలు చెబుతూ పోవాలి. రెండూ మళ్ళీ సమంలో ఎప్పుడు కలుస్తాయి? 24 అక్షరాలకు, అంటే మూడు ఆవర్తనాలకు. "తక తకిట" అని అయిదు చెబితే 40కి. ఇక "తక తకధిమి" అని ఆరు చెప్పించండి. పిల్లలు ఎనిమిదార్లు నలభై ఎనిమిది అంటారు. చేతులు మాత్రం 24 దగ్గరే కలుస్తాయి! 8కీ 6కీ 2 ఉమ్మడి కారణాంకం కావడమే కారణం. క.సా.గు. అంటే ఏమిటో ఆ తరగతికి ఇక వేరే చెప్పనక్కరలేదు.

ఇంటర్మీడియట్ వారికి మేళకర్తలు ఉన్నాయి. స, ప కదలవు. మధ్యమాలు రెండు. రి, గలకు నాలుగు స్థానాల్లో రెండేసి ఎంచుకోవాలి కనుక 6 విధాలు. ద, నిలకూ అంతే. 6 × 2 × 6 = 72. సంయోగాల పాఠానికి ఇంతకంటే మంచి ఉదాహరణ ఏం కావాలి? 17వ శతాబ్దంలో వేంకటమఖి "చతుర్దండి ప్రకాశిక"లో ఈ లెక్క వేసేనాటికి వాటిలో చాలా మేళాలు వాడుకలోనే లేవు. లెక్క ముందు నడిచింది, పాట దాని వెనక వచ్చింది.

"ఇవన్నీ సరదాకు బాగానే ఉంటాయి, సిలబస్ ఎవరు పూర్తి చేస్తారు?" అనేవారున్నారు. ముగ్గుకు ఒక పీరియడు, తాళానికి అర పీరియడు చాలు. క.సా.గు.ను బట్టీపట్టించి, మరచిపోయాక మళ్ళీ చెప్పడానికి అంతకంటే ఎక్కువే పడుతుంది. అయితే కళను పాఠానికి అలంకారంగా అతికించవద్దు. లెక్క లేనిదే ముగ్గు కుదరదు, తాళం నిలవదు. ఆ లెక్కనే పైకి తీసి చూపండి. అప్పుడు "నాకు లెక్కలు రావు" అన్న పిల్ల చేతికే సుద్దముక్క ఇవ్వండి.