తాళమును తిరుగలియు

వెబ్ ప్రోగ్రాములు వ్రాయువారు గూఢలేఖనమును హాషింగును ఒక్కటిగా నెంచరాదు. గూఢలేఖనము తాళము వంటిది. తాళపుచెవి గలవాడు తెఱవగలడు. హాషింగు తిరుగలి వంటిది. పిండి మరల గింజ కాదు.

2013లో అడోబి సంస్థనుండి దొంగిలింపబడిన పాస్‌వర్డులు గూఢలేఖనముననే యుండెను. అయినను ఒకే పాస్‌వర్డునకు ఒకే గూఢరూపము వచ్చుటచేతను, జ్ఞాపకసూచనలు బాహాటముగా నుండుటచేతను, తాళపుచెవి లేకయే పెక్కు బయల్పడెను.

కావున పాస్‌వర్డును హాషింగు చేయవలయును. లిబ్‌సోడియమను చిన్న లైబ్రరీ 2017 నుండి పి.హెచ్.పి. భాషతో గూడి వచ్చుచున్నది. అందలి ఆర్గాన్2 పద్ధతి ప్రతి పాస్‌వర్డునకును వేఱువేఱు ‘ఉప్పు’ అక్షరములు గలిపి, కావలెననియే మెల్లగా విసరును. దొంగ యొక్కొక్క యూహకును శ్రమపడవలయును. వచ్చినవాడు చెప్పిన పదమును అట్లే విసరి పోల్చిన మనకు చాలును.

ఇతరులు నమ్మి యిచ్చిన రహస్యమును మనమును చదువలేనట్లు దాచుట ధర్మమని మేము తలంచుచున్నాము.