మోనాష్‌లో చేరుతున్నారా? ర్యాంకుతో పాటు మ్యాపూ చూడండి

ఆస్ట్రేలియా అనగానే మన విద్యార్థులు ముందు ర్యాంకు చూస్తారు, తర్వాత ఫీజు, ఆపైన పీఆర్ (శాశ్వత నివాసం) అవకాశాలు. క్యాంపస్ నగరంలో ఏ మూల ఉందో ఆరా తీసేవాళ్లు తక్కువ. రోజులో చదువుకు ఎన్ని గంటలు మిగులుతాయన్నది చాలావరకు దాన్నిబట్టే ఉంటుంది. మెల్‌బోర్న్ శివారులోని మోనాష్ యూనివర్సిటీనే తీసుకుందాం.

శివారుకు ఎందుకు వెళ్లింది?

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత మెల్‌బోర్న్‌లో జనాభా, పరిశ్రమలు పెరిగాయి. విక్టోరియా రాష్ట్రం మొత్తానికి అప్పటికి ఉన్నది ఒక్క మెల్‌బోర్న్ యూనివర్సిటీయే. సీట్లు చాలలేదు, ఇంజినీర్ల కొరత మొదలైంది. దాంతో 1958లో రాష్ట్ర పార్లమెంటు చట్టం చేసి రెండో యూనివర్సిటీని ఏర్పాటు చేసింది. ఇంజినీరు, మొదటి ప్రపంచ యుద్ధంలో సేనాని అయిన సర్ జాన్ మోనాష్ పేరు పెట్టింది. విశాలమైన స్థలం కావాలి కాబట్టి నగర కేంద్రానికి ఆగ్నేయంగా 20 కిలోమీటర్ల దూరంలోని క్లేటన్‌ను ఎంచుకున్నారు. 1961 మార్చిలో తరగతులు మొదలయ్యాయి. ఆ దశాబ్దం చివరికే వియత్నాం యుద్ధ వ్యతిరేక ఉద్యమాలతో ఈ క్యాంపస్ దేశమంతా చర్చల్లోకెక్కింది. ఇప్పుడిది ఆస్ట్రేలియాలోని ప్రముఖ పరిశోధన యూనివర్సిటీల కూటమి 'గ్రూప్ ఆఫ్ ఎయిట్'లో సభ్య సంస్థ.

అంత స్థలం ఉండటం మరోలా కలిసొచ్చింది. జాతీయ పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ఓ ప్రయోగశాలలు, 2007లో ప్రారంభమైన ఆస్ట్రేలియన్ సింక్రోట్రాన్ (తీవ్రమైన ఎక్స్-కిరణాలతో పదార్థాలను పరిశీలించే కేంద్రం) క్యాంపస్‌ను ఆనుకునే ఉన్నాయి. మెటీరియల్స్, బయోమెడికల్, కెమిస్ట్రీ విద్యార్థులు ప్రాజెక్టు ఎంచుకునేటప్పుడు ఈ పొరుగును గుర్తుంచుకోవాలి.

పేరు ఒకటే, చిరునామాలు వేరు

మోనాష్ అంటే క్లేటన్ ఒక్కటే కాదు. ఫార్మసీ పార్క్‌విల్‌లో ఉంటుంది. కాల్‌ఫీల్డ్ క్యాంపస్ రైల్వేస్టేషన్ పక్కనే ఉంది. క్లేటన్ క్యాంపస్‌లో స్టేషన్ లేదు. హంటింగ్‌డేల్‌లో రైలు దిగి 601 నంబరు బస్సు ఎక్కాలి. మీ కోర్సు ఏ క్యాంపస్‌లోనో ఆఫర్ లెటర్‌లో చూసుకున్నాకే గది వెతకండి.

మనవాళ్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. తెలుగు కుటుంబాలు ఎక్కువగా ఉండే టార్నీట్, పాయింట్ కుక్ నగరానికి పడమట ఉన్నాయి. బంధువుల ఇల్లుందని అక్కడ దిగితే క్లేటన్‌కు నగరం ఈ చివర నుంచి ఆ చివరకు వెళ్లినట్టే. రైళ్లు, బస్సులు మారుతూ ఒకవైపు ప్రయాణమే గంటన్నర దాటవచ్చు.

వారం లెక్క

ఫుల్‌టైమ్ అంటే సాధారణంగా సెమిస్టర్‌కు 4 యూనిట్లు (సబ్జెక్టులు). లెక్చర్లు, ట్యుటోరియళ్లు, సొంత చదువు కలిపి ఒక్కో యూనిట్‌కు వారానికి 12 గంటలు అవసరం. అంటే 48 గంటలు. కోర్సువర్క్ విద్యార్థులు తరగతులు జరిగే రోజుల్లో రెండు వారాలకు 48 గంటలే పనిచేయాలన్నది 2023 జులై నుంచి ఉన్న వీసా నిబంధన. సెమిస్టర్ సెలవుల్లో ఈ పరిమితి ఉండదు. వారానికి 24 గంటలు పనిచేస్తే మొత్తం 72. రోజుకు మూడు గంటల ప్రయాణం, వారంలో నాలుగు రోజులు అనుకుంటే 84కు చేరుతుంది. వంట, నిద్ర ఇంకా లెక్కలోకి రాలేదు.

క్లబ్బులకు, గ్రూప్ ప్రాజెక్టులకు దూరమయ్యేది ఇలా దూరం నుంచి వచ్చే విద్యార్థులే. క్లాసు కాగానే బస్సుకు పరుగెత్తేవాళ్లను ట్యూటర్లు గుర్తుపెట్టుకునే అవకాశం తక్కువ. ఇంటర్న్‌షిప్ కబురు, సిఫార్సు చేసే మనిషి దొరికేది చాలాసార్లు తరగతి బయటే.

దరఖాస్తుకు ముందు

• కోర్సులో ఇండస్ట్రీ ప్రాజెక్టు లేదా ప్లేస్‌మెంట్ యూనిట్ ఉందో లేదో, దానికి ఎన్ని మార్కులు కావాలో హ్యాండ్‌బుక్‌లో చదవండి.

• క్యాంపస్ హాస్టళ్ల అద్దెను, దగ్గర్లోని షేర్డ్ ఇంటి అద్దెను పోల్చండి. దూరపు ఇంటికి అద్దెతో పాటు ప్రయాణ ఖర్చు, సమయం కూడా కలపండి.

• ఫీజు, ప్రయాణ ఖర్చులు కాక ఏడాది జీవన వ్యయానికి 29,710 ఆస్ట్రేలియన్ డాలర్లు చూపాలని 2024 మే నుంచి నిబంధన ఉంది. దరఖాస్తు రోజున తాజా అంకె సరిచూసుకోండి.

మీ వారం లెక్క 75 గంటలు దాటితే ముందు షిఫ్టులు తగ్గించండి, కుదరకపోతే క్యాంపస్‌కు దగ్గరగా మారండి. అద్దె కాస్త ఎక్కువైనా ఫర్వాలేదు. ఒక్క యూనిట్ ఫెయిలైతే దాని ఫీజు మళ్లీ కట్టాలి. అది కొన్ని నెలల అద్దె తేడాను సులువుగా మించిపోతుంది.