పేడ పొయ్యికా, పొలమునకా?

జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి ప్రాంతములు చాలవరకు పూర్వపు వరంగల్లు జిల్లాలోనివి. ఇవి 2016వ సంవత్సరమున వేరువేరు జిల్లాల కేంద్రములైనవి. జనగామ వైపు ఎర్రని చల్కా నేలలు కలవు. పెద్దలు మానుకోట యని పిలుచు మహబూబాబాదు వైపు మిరపచేలు కలవు. భూపాలపల్లి వైపు అడవులును బొగ్గుగనులును కలవు. నేలలు వేరైనను రైతు కోరునది యొక్కటే: పొలమునకు చాలినంత పశువుల ఎరువు.

పూర్వము ఇంటింటి వెనుక పెంటకుప్ప యుండెడిది. కొట్టమునుండి ఎత్తిన పేడ అందు మాగి, వేసవిలో బండ్లపై పొలము చేరెడిది. కాని పేడనంతయు పొలమునకే యిచ్చినచో వంటచెరకు ఎట్లు? అందుచే ఇల్లాలు కొంత పేడను పిడకలుగా చరచెడిది. పిడక మండినప్పుడు అందలి నత్రజని గాలిలో కలిసిపోవును. బూడిద మాత్రమే మిగులును. పొగ తల్లి కన్నులను, ఊపిరితిత్తులను బాధించును. ఇట్లు పొయ్యికిని పొలమునకును పేడకై తగవు ఏర్పడినది.

ఈ తగవును తీర్చునది గోబర్ గ్యాసు తొట్టి. 1950ల దశకమున జష్‌భాయి పటేలు ‘గ్రామలక్ష్మి’ యను తొట్టిని రూపొందించెను. ఖాదీ గ్రామోద్యోగ సంఘము దానిని ప్రచారము చేసెను. 1981-82లో భారత ప్రభుత్వము ఇందులకై జాతీయ పథకమును ఆరంభించెను.

ఒక పశువు దినమునకు సుమారు 10 కిలోల పేడ వేయును. ఐదు పశువులున్న ఇంట 50 కిలోలు లభించును. దానికి సమానముగా నీరు కలిపి, గడ్డిపరకలు ఏరివేసి, నేలలో కట్టిన గాలి చొరని తొట్టిలో పోయవలెను. అచట కంటికి కనబడని సూక్ష్మజీవులు దానిని కుళ్ళజేయగా వాయువు పుట్టును. అందు నూటికి సుమారు 60 పాళ్ళు మీథేను. అది పొగ లేక నీలిమంటతో మండును. 50 కిలోల పేడనుండి దాదాపు 2 ఘనమీటర్ల వాయువు వచ్చును. నలుగురైదుగురున్న కుటుంబపు వంటకు అది చాలును.

మరి ఎరువు మాటయేమి? వాయువుతో పోవునవి ముఖ్యముగా కర్బనము, ఉదజని, ప్రాణవాయువు. పైరు కోరు నత్రజని, భాస్వరము, పొటాషు తొట్టినుండి వెలువడు చిక్కని పేడనీటిలోనే యుండును. దానిని ఎండలో ఆరబెట్టిన నత్రజని కొంత నశించును. కావున ఆకు అలములతో కలిపి నీడలో మాగవేయుట మేలు. ఈ ఎరువు వేసిన చల్కా నేల తేమను ఎక్కువకాలము నిలుపుకొనును.

అయితే తొట్టి పాడియావు వంటిది. మేత లేక పాలు రావు. దినదినము పేడ పోయవలెను. సబ్బునీరు, పురుగుమందు చేరినచో సూక్ష్మజీవులు చచ్చును. చలికాలమున వాయువు తగ్గును. ట్రాక్టర్లు వచ్చి ఎడ్లు తగ్గిన యిండ్లలో తొట్లు ఎండిపోవుటయు కలదు. అట్టిచోట ఇరుగుపొరుగువారు పేడను ఒకచోట చేర్చి ఉమ్మడి తొట్టిని నడుపుకొనవచ్చును. 2018లో ఆరంభమైన ‘గోబర్‌ధన్’ పథకము ఇట్టి ప్రయత్నములకు తోడ్పడును.

భూపాలపల్లి బొగ్గు కోట్లాది సంవత్సరముల క్రిందటి వృక్షముల ఫలము, తవ్వినకొలది తరుగును. కొట్టములోని నిప్పు ప్రతి ఉదయమును క్రొత్తగా లభించును. నేడు ఇంటికి పోయి మీ పశువులను లెక్కించి, పదితో హెచ్చవేసి చూడుడు. అన్ని కిలోల పేడ మీ యింట పొయ్యికిని పొలమునకును కూడ పనికివచ్చుచున్నదా? పెద్దలను అడిగి తెలిసికొనుడు.