అతివాహక లోహములు – అతిశీతల పాత్రల రక్షణ

విద్యార్థులారా! తీగెలో విద్యుత్తు ప్రవహించునపుడు తీగె వేడెక్కుట మీరు ప్రయోగశాలలో చూచియే యున్నారు. ఆ వేడికి కారణము లోహమునందలి నిరోధమని మేము తరగతిలో చెప్పియుంటిమి. 1911వ సంవత్సరమున హాలెండు దేశములోని లైడెన్ నగరమున కామర్లింగ్ ఓన్నెస్ అను శాస్త్రజ్ఞుడు పాదరసమును ద్రవహీలియముతో సున్నకు దిగువ 269 డిగ్రీల సెంటీగ్రేడు వరకు చల్లార్చగా ఆ నిరోధము హఠాత్తుగా మాయమయ్యెను. ఇట్టి స్థితి నొందు లోహములనే అతివాహకము లందురు. వీనివలన లాభము గొప్పది. కాని ఆ స్థితి తప్పిన క్షణమున అపాయమును గొప్పదే. దీనికొక దృష్టాంతము చెప్పుదుము.

జెనీవా నగరము చెంత సెర్న్ అను సంస్థవారు భూగర్భమున 27 కిలోమీటర్ల చుట్టుకొలత గల సొరంగములో ఒక మహాయంత్రమును నిర్మించిరి. దాని ముఖ్యమైన అయస్కాంతములు నయోబియము, టైటానియము కలిసిన తీగెలతో చుట్టబడి, సున్నకు దిగువ 271 డిగ్రీల చలిలో ద్రవహీలియమున మునిగియుండును. 2008 సెప్టెంబరు 19వ తేదీన రెండు అయస్కాంతముల నడుమనున్న ఒక అతుకులో నిరోధము పుట్టెను. వేలకొలది ఆంపియర్ల ప్రవాహము అచ్చట వేడిగా మారి అతుకును కరిగించెను. లేచిన విద్యుజ్జ్వాల హీలియపు పాత్రను ఛేదించెను. ద్రవహీలియము వాయువై గది వేడిమికి వచ్చుసరికి 700 రెట్లకు పైగా వ్యాపించును గదా! పైతొడుగున కమర్చిన రక్షక కవాటములు అంత వాయువును వెలుపలికి పంపజాలకపోయెను. పీడనమునకు టన్నులకొలది బరువుగల అయస్కాంతములు పీఠములనుండి కదలిపోయెను. సుమారు 6 టన్నుల హీలియము వ్యర్థమయ్యెను. మనుష్యుల కెవరికిని హాని కలుగలేదు. అయినను 53 అయస్కాంతములను పైకి తీయవలసివచ్చెను. యంత్రము మరల నడచుటకు 2009 నవంబరు వరకు పట్టెను.

ఇందు మనము గ్రహింపదగినవి నాలుగు.

మొదటిది: అతుకు ఎంత చిన్నదైనను దాని నిరోధమును కొలిచి చూడవలెను. అతివాహకముతో రాగిని జతచేసి, నిరోధము పుట్టిన వెంటనే ప్రవాహమును తప్పించు సాధన ముంచవలెను.

రెండవది: ఉడుకుచున్న కుండపై మూతను బిగించి కట్టరాదు. కవాటములను సామాన్య దినమునకుగాక మిక్కిలి చెడ్డ దినమునకు సరిపడునట్లు అమర్చవలెను. సెర్న్ వారు పిదప కవాటముల సంఖ్యను పెంచిరి.

మూడవది: సామాన్యపు ఉక్కు అంతటి చలిలో పెళుసుబారి పగులును. కావున పాత్రలకు నికెలు చేరిన తుప్పుపట్టని ఉక్కును వాడుదురు.

నాలుగవది: హీలియము విషము కాదు. కాని మూసిన గదిని నింపినచో గాలిని తొలగించి, మనుష్యుని ఊపిరాడకుండ చేయును. దానికి రంగులేదు, వాసనలేదు.

ఈ సంగతి దూరదేశపుదని తలంపకుడు. పెద్ద ఆసుపత్రులలోని ఎం.ఆర్.ఐ. యంత్రములలో పెక్కింట ఇట్టి తీగెయు, ఇట్టి హీలియమును గలవు. వాయువును భవనము వెలుపలికి విడుచు గొట్టమును వాని కమర్చుదురు. మీలో కొందరు రేపు అట్టిచోట పనిచేయవచ్చును. ఆ గొట్టమునకు పిట్టగూడుగాని చెత్తగాని అడ్డుపడలేదని వేళ తప్పక పరీక్షింపుడు. లోపల పరుండిన రోగి క్షేమము దానిపై నాధారపడియున్నది.