‘టేక్’ అను క్రియ: పుట్టుక, ప్రయోగము

ఒక భాష పరభాషనుండి నామవాచకములను గ్రహించుట సామాన్యము. కొత్త వస్తువు వచ్చినపుడు దాని పేరును వెంట వచ్చును. నిత్యవ్యవహారమునకు ప్రాణమైన క్రియనే గ్రహించుట విశేషము. ఇంగ్లీషులోని ‘టేక్’ అట్టిది.

ప్రాచీన ఇంగ్లీషులో ‘తీసుకొను’ అను అర్థమున ‘నిమన్’ అను క్రియ ఉండెడిది. జర్మన్ భాషలోని ‘నేమెన్’ దానికి సోదరి. 793లో లిండిస్‌ఫార్న్ మఠముపై వైకింగుల దాడి జరిగినది. తరువాతి శతాబ్దమున డేన్ జాతివారు ఇంగ్లండు ఉత్తర, తూర్పు ప్రాంతములలో స్థిరపడి, స్థానికులకు ఇరుగుపొరుగువారైరి. వారి నార్స్ భాషలోని ‘తాక’ అను క్రియయే ‘టేక్’గా మారి, క్రమముగా ‘నిమన్’ను తొలగించినది. అయినను ‘స్పర్శ కోల్పోయిన’ అను అర్థముగల ‘నంబ్’ అను పదమున ఆ పాతక్రియ నేటికిని దాగియున్నది. ‘తీసుకొనబడినది’ అని దాని మూలార్థము.

‘తాక’కు బంధువైన గోథిక్ క్రియకు ‘తాకు’ అని అర్థము. మన తెలుగు ‘తాకు’ను పోలియున్నదని చుట్టరికము కలుపరాదు. ఇది కేవలము కాకతాళీయము. ధ్వనిసామ్యమొక్కటే వ్యుత్పత్తికి ప్రమాణము కానేరదు.

ఇక ప్రయోగము. ‘సెలవు తీసుకొనుట’లో మూడు భాషలకును పొత్తు కుదిరినది. ఉర్దూలో ‘రుఖ్సత్ లేనా’, ఇంగ్లీషులో ‘టేక్ లీవ్’. పరీక్ష దగ్గరకు వచ్చుసరికి దారులు వేరైనవి. తెలుగు విద్యార్థి పరీక్ష ‘వ్రాయును’, ఉర్దూ విద్యార్థి ‘ఇచ్చును’, ఇంగ్లీషు విద్యార్థి ‘తీసుకొనును’. ఉర్దూలో ‘ఇమ్తిహాన్ లేనేవాలా’ పరీక్షకుడే! మాతృభాషలోని క్రియను మాటకు మాటగా ఇంగ్లీషులోనికి దింపుటవలననే మన జవాబుపత్రములలో పెక్కు దోషములు దొర్లుచున్నవి. కావున క్రియను ఒంటరిగా గాక, దానితో కూడివచ్చు నామముతో కలిపి అభ్యసింపవలెను.

క్రియలను స్వీకరించుట మన తెలుగునకును కొత్త కాదు. ‘దబానా’ దబాయించు అయినది. ‘చలానా’ చెలాయించు అయినది. ‘ఫిరానా’ ఫిరాయించు అయినది. వీనిని పల్లెటూరి రైతు సైతము పరాయిమాటలని తలపక పలుకుచున్నాడు. పేర్లను అంగడిలోనైనను నేర్వవచ్చును. క్రియలు అలవడుటకు కలసి బ్రతుకవలెను. ఒకే తరగతిలో ఉర్దూ, తెలుగు వినుచున్న మన విద్యార్థులకు ఈ సత్యము వేరుగ బోధింప నక్కరలేదు. ఎరువు తెచ్చుకొన్నందున ఇంగ్లీషు చిన్నబోలేదు, తెలుగును చిన్నబోలేదు.