క్యాజువాలిటీ వార్డులో ఎత్తిన చెయ్యి

ఇషా నమాజు ముగిసి జనం వెళ్ళిపోయాక ఒక యువకుడు మా దగ్గరకు వచ్చి కూర్చున్నాడు. మా మొహల్లా పిల్లవాడే. ఆరు నెలల క్రితం వాళ్ళ నాన్నగారి జనాజా నమాజు చేయించింది మేమే. చాలాసేపు చాప అంచు లాగుతూ కూర్చుని, చివరికి ఒకే ఒక మాట అడిగాడు: "మౌలానా! అబ్బా పోయిన రాత్రి ఆసుపత్రిలో నర్సును కొట్టాను. రోజూ తౌబా చేసుకుంటున్నాను. అది సరిపోతుందా?"

సరిపోదు. మస్‌అలా ఇంతే. కాని ఈ ఒక్క మాట చెప్పడానికి ఆ రోజు మాకు నోరు రాలేదు. కారణం, ఆ రాత్రి మేము కూడా అక్కడే ఉన్నాము.

వాళ్ళ నాన్నగారికి రాత్రి పదకొండు గంటల ప్రాంతంలో గుండెనొప్పి వచ్చింది. ఆటోలో ప్రభుత్వాసుపత్రికి తీసుకుపోయారు. కబురు తెలిసి మేమూ, మొహల్లావారు ఇరవైమంది దాకా వెనకాలే వెళ్ళాము. క్యాజువాలిటీలో డ్యూటీ డాక్టరు ఒక్కరే ఉన్నారు, నర్సులు ఇద్దరు. అంతకు కాస్త ముందే ఏదో ప్రమాదంలో గాయపడినవారిని తెచ్చి పడుకోబెట్టారు. అయినా వాళ్ళు ఈయన దగ్గరకు పరుగున వచ్చారు. ఇంజక్షన్ ఇచ్చారు, ఛాతీ మీద నొక్కారు, ఆక్సిజన్ పెట్టారు. అరగంటకు ప్రాణం పోయింది. వరండాలో ఎవరో "ఇంజక్షన్ వేశాకే పోయారు" అన్నారు. తలుపు దగ్గరి నుంచి గేటు దగ్గరికి చేరేసరికి ఆ మాట "ఇంజక్షన్ వేసి చంపేశారు" అని మారిపోయింది. గుంపు లోపలికి తోసుకుపోయింది. అద్దాల తలుపు పగిలింది. బి.పి. చూసే మిషను నేలకేసి కొట్టారు. ఈ అబ్బాయి చెయ్యి నర్సు చెంప మీద పడింది.

మేము చూశాము. చావు సమయంలో ఏమంటామని ఊరుకున్నాము. మరునాడు ఖబరస్తాన్‌లో నిలబడి సహనం గురించి పావుగంట ప్రసంగించాము కూడా! ఆ నర్సు సంగతి మాత్రం మా నోట రాలేదు.

సోదరులారా! పాపాలు రెండు రకాలని మనం చిన్నప్పుడే మక్తబ్‌లో నేర్చుకున్నాము. అల్లాహ్ హక్కుకు సంబంధించినవి కొన్ని, దాసుల హక్కుకు సంబంధించినవి కొన్ని. మొదటివాటికి పశ్చాత్తాపం చాలు. రెండోవాటికి, ఎవరికి అన్యాయం జరిగిందో వారి దగ్గరకు వెళ్ళి చక్కబెట్టుకోవాలి. దీనార్లూ దిర్హములూ చెల్లని రోజు రాకముందే ఈ లోకంలోనే ఆ లెక్క తేల్చుకోమని దైవప్రవక్త (సల్లం) హెచ్చరించిన సంగతి సహీహ్ బుఖారీలో ఉంది. దివాలా తీసినవాడు ఎవరో చెబుతూ ఆయన, నమాజులు, ఉపవాసాలు, జకాత్ మూటగట్టుకుని వచ్చి, ఒకరిని తిట్టినందుకు, ఒకరిని కొట్టినందుకు ఆ పుణ్యాలన్నీ వాళ్ళకు పంచి ఇవ్వవలసి వచ్చేవాని ఉదాహరణ చెప్పారు (సహీహ్ ముస్లిం). ఇక చెంపదెబ్బ విషయమే తీసుకుందాం. తన బానిసను చెంప మీద కొట్టినవాడు ఆ బానిసను విడిచిపెట్టడమే దానికి పరిహారమని హజ్రత్ ఇబ్నె ఉమర్ (రజి) ఉల్లేఖనం. ఆ కాలంలో యజమాని చెయ్యి ఎత్తితే అడిగేవాడు లేడు. అలాంటి చోటే ఒక్క దెబ్బకు అంత వెల కట్టారంటే, మన తండ్రి ప్రాణం నిలబెట్టాలని చెమటోడుస్తున్న మనిషి చెంపకు వెల ఎంత?

ఆ నర్సు ముస్లిమ్ కాదు కదా అని కొందరు గుసగుసగా అడుగుతారు. ఆ ఆలోచనే తప్పు. ఒప్పందంతో కలిసి బ్రతుకుతున్న ముస్లిమేతరునికి అన్యాయం చేసినవాని మీద తీర్పుదినాన తానే వాదిగా నిలబడతానని దైవప్రవక్త (సల్లం) అన్నట్లు అబూదావూద్‌లో ఉంది. అంటే ఈ కేసులో ఎదుటి పక్షాన ఎవరు నిలబడతారో ఆలోచించండి.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాము. ఆ అబ్బాయి దుర్మార్గుడు కాదు. నమాజీ, తల్లిదండ్రుల సేవ చేసినవాడు. అతని చెయ్యి లేవడానికి కారణం దుఃఖం. ఆ దుఃఖాన్ని ఇస్లాం కాదనలేదు. పసికందు ఇబ్రాహీం తన ఒడిలో ప్రాణం విడిచినప్పుడు దైవప్రవక్త (సల్లం) కంట నీరు కారింది. కన్ను తడుస్తుంది, గుండె బరువెక్కుతుంది, నోరు మాత్రం ప్రభువుకు ఇష్టం లేనిది పలకదని ఆయన చెప్పారు. నోటికే ఈ హద్దు ఉంటే చేతికి ఎంత ఉండాలి!

హజ్రత్ అనస్ (రజి) చెప్పిన మరో సంఘటన ఉంది. ఒక స్త్రీ సమాధి దగ్గర ఏడుస్తోంది. దైవప్రవక్త (సల్లం) అటుగా వెళుతూ, అల్లాహ్‌కు భయపడమని, సహనం వహించమని చెప్పారు. ఆమె ఆయనను గుర్తుపట్టలేదు. నా కష్టం నీకేం తెలుసు, పో అన్నట్లు మాట్లాడింది. ఆయన కోపగించుకోలేదు, తానెవరో చెప్పుకోలేదు, వెళ్ళిపోయారు. తర్వాత తెలిసి ఆమె పరుగున ఆయన ఇంటికి వచ్చింది. గుమ్మం దగ్గర కాపలావారెవరూ లేరు. గుర్తుపట్టలేదని చెప్పుకుంది. అప్పుడు ఆయన, సహనమంటే తొలి దెబ్బ తగిలినప్పటిదే అని చెప్పారు (బుఖారీ, ముస్లిం).

ఈ హదీసును మేము ఎన్నోసార్లు బోధించాము. క్యాజువాలిటీ వరండాలో నిలబడ్డాక గాని దీని బరువు మాకు తెలియలేదు. మూడో రోజున అందరూ సహనపరులే. డాక్టరు బయటికి వచ్చి తల అడ్డంగా ఊపిన క్షణం ఉందే, అక్కడే పరీక్ష. ఈ సంఘటనలో ఇంకొకటి కూడా ఉంది, మనం తరచుగా దాటేస్తాము. ఆ స్త్రీ కసిరింది. కసురు పడినవారు ఓర్చుకున్నారు. రాత్రంతా ఇలాంటి కసుర్లు ఎన్నో పడి ఓర్చుకునేవాళ్ళు ఆ తెల్లకోటువాళ్ళు. వాళ్ళలో విసుక్కునేవారు లేరని మేము అనడం లేదు. ఉన్నారు. కాని విసుగుకు జవాబు చెంపదెబ్బ కాదు.

వార్డు లోపల జరిగేది బయటివారికి అర్థం కాకపోవడం సగం గొడవలకు మూలం. అక్కడ వరుస ప్రకారం చూడరు. ముందు వచ్చినవారిని కాక, ముందు ప్రాణం పోయే ప్రమాదం ఉన్నవారిని చూస్తారు. చెయ్యి విరిగి కేకలు పెట్టేవాడిని ఆపి, మాట్లాడకుండా పడి ఉన్నవాడి దగ్గరకు పోతారు. గుండె ఆగినప్పుడు ఛాతీ మధ్యలో గట్టిగా, వేగంగా నొక్కుతారు, ఒక్కోసారి పక్కటెముకలు కూడా విరుగుతాయి. చూసేవారికి మనిషిని కొడుతున్నట్లే ఉంటుంది. ప్రాణం పోయాక కూడా ఇ.సి.జి. తీసి గీత చూసి గాని చెప్పరు. ఆ కాస్త ఆలస్యాన్ని "దాచిపెడుతున్నారు" అనుకుంటారు. 108 వాహనం విషయంలోనూ ఇంతే. 2005 ఆగస్టు 15న మన రాష్ట్రంలో ఆ సేవ మొదలైనప్పటి నుంచి ఎన్ని ప్రాణాలు నిలబడ్డాయో మనకు తెలుసు. అయినా ట్రాఫిక్‌లో ఇరుక్కుని ఆలస్యమైతే పైలట్ కాలరు పట్టుకునేవారున్నారు. నమ్మదగని మనిషి వార్త తెస్తే విచారించి చూడమని, తెలియక ఒక జనసమూహానికి హాని చేసి తర్వాత చింతించే స్థితి తెచ్చుకోవద్దని సూరె హుజురాత్ ఆరవ ఆయత్ ఆజ్ఞాపిస్తోంది. "ఇంజక్షన్ వేసి చంపేశారు" అన్న మాట మొదట అన్నదెవరో మా మొహల్లాలో ఈ రోజుకూ ఎవరికీ తెలియదు.

అయితే డాక్టరు నిజంగానే నిర్లక్ష్యం చేస్తే? ఆయుష్షు తీరిందని సరిపెట్టుకోవాలా? అక్కర్లేదు. తఖ్దీర్‌ను అడ్డం పెట్టుకుని బాధ్యుడిని వదిలెయ్యమని షరీఅత్ చెప్పలేదు. వైద్యం తెలియకుండా వైద్యం చేసినవాడు జరిగిన నష్టానికి జవాబుదారీ అని హదీసు ఉంది (అబూదావూద్, నసాయీ, ఇబ్నె మాజా). దీని మీద ఇమామ్ ఇబ్నుల్ ఖయ్యిమ్ 'జాదుల్ మఆద్'లో వివరంగా చర్చించారు. విద్య తెలిసినవాడు, రోగి అనుమతితో, పద్ధతి ప్రకారం చేసినా ప్రాణం పోతే అతని మీద బాధ్యత లేదు. పొరపాటు చేస్తే, హద్దు దాటితే ఉంది. కాని ఆ తేడా తేల్చవలసింది న్యాయాధికారి. మృతుని బావమరిది కాదు!

మన దేశంలో ఆ దారి తెరిచే ఉంది. డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని సుప్రీంకోర్టు 1995లోనే తీర్పు చెప్పింది. డాక్టరు మీద నేర విచారణ జరగాలంటే నిర్లక్ష్యం ఘోరమైనదై ఉండాలని, మరో అర్హుడైన వైద్యుని అభిప్రాయం తీసుకోవాలని 2005లో చెప్పింది. రాష్ట్ర మెడికల్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయవచ్చు. వీటన్నిటికీ కావలసింది కేసు షీటు నకలు. దానిని రాతపూర్వకంగా అడిగి తీసుకునే హక్కు కుటుంబానికి ఉంది. వార్డు పగలగొట్టినవాడు తన సాక్ష్యాన్ని తానే పోగొట్టుకుంటాడు. పైగా ముద్దాయి అవుతాడు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008లో వచ్చిన చట్టం ప్రకారం వైద్య సిబ్బంది మీద దాడికి మూడేళ్ళ వరకు జైలు, 50 వేల రూపాయల వరకు జరిమానా ఉంది. బెయిలు సులువుగా దొరకదు. పగిలిన పరికరాల కొనుగోలు ధరకు రెండింతలు కట్టాలి.

ఇది మన ఒక్క ఊరి జబ్బు కాదు. 2019 జూన్‌లో కోల్‌కతాలో ఒక వృద్ధ రోగి చనిపోయాక జూనియర్ డాక్టర్ల మీద జరిగిన దాడికి దేశమంతటా వైద్యం స్తంభించింది. 2020 జూన్‌లో హైదరాబాదు గాంధీ ఆసుపత్రిలో దాడి జరిగితే డాక్టర్లు రోడ్డెక్కారు. 2023 మేలో కేరళలోని కొట్టారక్కరలో, పోలీసులు చికిత్సకు తీసుకువచ్చిన మనిషే ఒక హౌస్ సర్జన్ అమ్మాయిని పొడిచి చంపాడు. 2020 ఏప్రిల్‌లో ఇందోర్‌లోని మన బస్తీలో కరోనా పరీక్షలకు వచ్చిన వైద్య బృందం మీద రాళ్ళు పడ్డాయి. తర్వాత అక్కడి ముస్లిములే పత్రికలో ప్రకటన వేసి క్షమాపణ కోరారు. ఆ ప్రకటన చదివినప్పుడు సిగ్గు కలిగింది, వాళ్ళు వేశారన్న తృప్తి కూడా కలిగింది.

మన ఇళ్ళలో ప్రత్యేకంగా గొడవకు దారితీసే సంగతులు రెండున్నాయి. మొదటిది పోస్టుమార్టం. ప్రమాదం, కాలిన గాయాలు, విషం, అనుమానాస్పద మరణం అయితే పోలీసులకు తెలియజేయడం డ్యూటీ డాక్టరు బాధ్యత. శవాన్ని అప్పగించే నిర్ణయం ఆయన చేతిలో ఉండదు. "మా మతంలో తొందరగా దఫన్ చెయ్యాలి" అని ఆయన మీద అరిచి లాభం లేదు. జనాజాను త్వరపెట్టమన్న హదీసు నిజమే. కాని మన చేతిలో లేని ఆలస్యానికి మన మీద పాపం లేదు. మాట్లాడవలసింది పోలీసు అధికారితో, అదీ మర్యాదగా. హత్య, ఆత్మహత్య వంటి కేసులు కాకపోతే, వసతులున్న ఆసుపత్రులలో సూర్యాస్తమయం తర్వాత కూడా శవపరీక్షకు 2021 నవంబరులో కేంద్రప్రభుత్వం అనుమతి ఇచ్చింది. ఇది చాలామందికి తెలియదు, అడగండి.

రెండోది, స్త్రీకి పురుష డాక్టరు. ప్రాణాపాయంలో, లేడీ డాక్టరు అందుబాటులో లేనప్పుడు, అవసరమైనంత మేరకు పురుష వైద్యుడు చూడటం ధర్మసమ్మతమే. దీని మీద అక్కడ వాదన పెట్టుకుని నిమిషాలు పోగొట్టకండి. దైవప్రవక్త (సల్లం) కాలంలో యుద్ధభూమిలో స్త్రీలు గాయపడినవారికి సేవ చేశారు. హజ్రత్ రుఫైదా (రజి) గుడారం సంగతి సీరత్ గ్రంథాలలో ఉంది. ఖందఖ్ యుద్ధంలో గాయపడిన హజ్రత్ సఅద్ బిన్ ముఆజ్ (రజి)ను అక్కడే ఉంచారు. ఆయన ఆ గాయంతోనే చనిపోయారు. ఔస్ తెగ నాయకుడు ఆయన. అయినా వైద్యం చేసిన ఆమెను ఎవరైనా నిందించారన్న మాట మేము చదివిన పుస్తకాలలో ఎక్కడా కనిపించలేదు.

ఆ అబ్బాయిని వెంటబెట్టుకుని మేము ఆసుపత్రికి వెళ్ళాము. డ్యూటీ మారే వేళ. ఆమె మమ్మల్ని చూసి ముందు భయపడింది. అది చూసి మాకు తల ఎత్తబుద్ధి కాలేదు. అబ్బాయి అడగవలసింది అడిగాడు. మేము కూడా మా మౌనానికి క్షమాపణ చెప్పుకున్నాము. ఆమె కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "దెబ్బ సంగతి అలా ఉంచండి బాబూ. మీరు గొడవ చేసిన ఇరవై నిమిషాలు నాలుగో మంచం మీద పిల్లాడికి సెలైన్ అయిపోయి రక్తం వెనక్కి ఎక్కుతుంటే చూసే దిక్కు లేదు" అంది. ఆ పిల్లవాడు ఏమయ్యాడని అబ్బాయి వణుకుతూ అడిగాడు. కోలుకుని ఇంటికి వెళ్ళాడంది. క్షమించానని గాని, లేదని గాని చెప్పలేదు. రోగి పిలుస్తుంటే లోపలికి వెళ్ళిపోయింది.

తిరిగి వచ్చేటప్పుడు అబ్బాయి, ఇప్పుడు నా లెక్క ఏమైనట్లు అని అడిగాడు. అడగడం నీ బాధ్యత, ఇవ్వడం ఆమె హక్కు, ఆమె కోసం దుఆ చేస్తూ ఉండు, మళ్ళీ వెళ్ళి ఆమెను ఇబ్బంది పెట్టకు అని చెప్పాము. పగిలిన తలుపుకూ, మిషనుకూ డబ్బు అతని చేత, ఇంకా ఆ రాత్రి చెయ్యి వేసిన నలుగురి చేత ఆసుపత్రి అభివృద్ధి సంఘానికి కట్టించి రసీదు తీసుకున్నాము. ఒకరిద్దరు సణిగారు, చివరికి ఇచ్చారు.

ఆ తర్వాతి జుమాలో మేము ఖుత్బాకు ముందు ప్రసంగంలో మా సంగతి కూడా దాచకుండా చెప్పి, ఒక ఏర్పాటు చేసుకున్నాము. మొహల్లాలో ఎవరికి ఆపద వచ్చినా ఆసుపత్రికి ఇంటివారు ఇద్దరు, మస్జిద్ నుంచి ఒక పెద్దమనిషి, అంతే. మిగతావారు ఇంటి దగ్గర ఆడవాళ్ళకు, పిల్లలకు తోడుగా ఉంటారు. డాక్టరుతో మాట్లాడేది ఒక్కరే. రక్తం ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నవారి పేర్లు, గ్రూపులు, ఫోను నంబర్లు వుజూ ఖానా పక్కన బోర్డు మీద రాసి పెట్టాము. మొన్న రమజాన్‌లో సెహ్రీ వేళకు ఒక ముసలామెను తీసుకుపోవలసి వచ్చినప్పుడు వరండాలో మొత్తం ముగ్గురమే ఉన్నాము.